నలుగురు డాక్టర్లు, నాలుగు పేర్లు: వేళ్ళ కీళ్ళ నొప్పికి ఎవరి మాట పట్టుకోవాలి?

కావలి టైలరమ్మ | సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయలేదు. నా వయసు 41. జాకెట్లు కుట్టే షాపు ఉంది. పోయిన దసరా ముందు మా వీధి వీధంతా జ్వరాలు. నాకూ వచ్చింది, వారం తిరక్కుండా తగ్గింది. నొప్పులు మాత్రం ఉండిపోయాయి. రెండు చేతుల కణుపులు, మణికట్లు, అరికాళ్ళలో వేళ్ళ మొదట్లో. పొద్దున లేస్తే పిడికిలి మూసుకోదు. స్టవ్ తిప్పాలన్నా మా అమ్మాయిని లేపాలి. పది దాటితేగానీ కత్తెర పిడిలో వేలు దూరదు. హుక్కులు, కాజాలు బయట ఇచ్చి కుట్టిస్తున్నాను.

మొదట ఊళ్ళో ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే తీసి "ఎముకల్లో ఏమీ లేదు, యూరిక్ యాసిడ్ 6.9 ఉంది, పప్పులు మానెయ్యి" అని బిళ్ళలు రాశారు. తగ్గలేదు. తర్వాత ఒక ఫిజీషియన్ చికున్‌గున్యా పరీక్ష చేయించి, ఐజీజీ పాజిటివ్ చూసి, "ఇవి ఆ జ్వరం తాలూకు నొప్పులే, నిదానంగా పోతాయి" అన్నారు. పోలేదు. నెల్లూరులో కీళ్ళ స్పెషలిస్టు ఆర్ఏ ఫ్యాక్టర్ 24 ఉందని "రుమటాయిడ్" అన్నారు, ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద పడి వాపు తెచ్చే జబ్బట. మెథోట్రెక్సేట్ అని వారానికోసారి వేసుకునే మందు, దాంతోపాటు చిన్న తెల్ల బిళ్ళలు రాశారు. మందుల షాపులో పక్కనున్నాయన "ఇది క్యాన్సర్ మందు కదమ్మా" అనేసరికి ఆ డబ్బా తెరవలేదు. తెల్ల బిళ్ళలు మాత్రం వేసుకుంటున్నాను, వాటితో హాయిగా ఉంది. ఈలోపు మా ఆడపడుచు చెన్నైలో చూపిద్దామంది. అక్కడ మళ్ళీ అన్ని పరీక్షలూ చేశారు. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగటివ్, సీసీపీ నెగటివ్. "రుమటాయిడ్ అని చెప్పలేం, ఫైబ్రోమయాల్జియా ఉన్నట్టుంది, మూడు నెలలాగి రండి" అన్నారు. అది కీళ్ళ వాపు లేకుండా ఒళ్ళంతా నొప్పులుండే జబ్బట.

మా ఆయనైతే "నలుగురిలో ముగ్గురు తప్పు చెప్పారన్నమాటేగా, ఆ ముగ్గురెవరో తేల్చు" అంటున్నారు. నేను తేల్చగలిగితే జాకెట్లెందుకు కుడతాను? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఆ డబ్బా తెరవాలా వద్దా?

రాజోలు కొబ్బరి | సోమవారం రాత్రి

చెల్లెమ్మా, తప్పెవరిదో తేల్చే పని పెట్టుకోకండి, అది తేలదండి. నా సంగతి చెప్తాను వినండి. ముప్ఫయ్యేళ్ళ వయసులో మోకాలు, చీలమండ వాచాయి. రక్తపరీక్షలో ఏఎస్ఓ టైటర్ ఎక్కువుందన్నారు. "రుమాటిక్ జ్వరం, గుండెకెక్కుద్ది" అని భయపెట్టి ఇరవయ్యొక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజక్షను మొదలెట్టారు. పిర్ర మీద పొడిస్తే రెండ్రోజులు కుంటుకుంటూ నడిచేవాణ్ణి. ఏళ్ళకేళ్ళు అలా నడిచింది. డాక్టర్లు మారారు గానీ ఇంజక్షను మారలేదు. కొత్తాయన దగ్గరికెళ్తే పాత చీటీ చూసి అదే మళ్ళీ రాసేవారు.

చివరికి ఎలా బయటపడిందంటే, తలలో చుండ్రు తగ్గట్లేదని చర్మం డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. ఆవిడ తల చూసి, గోళ్ళు చూసి, "కీళ్ళ నొప్పులున్నాయా?" అంది. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలు ఉండేవి నాకు. కొబ్బరి వలిచే చేతులు కదా, దెబ్బలనుకున్నాను. అది చుండ్రు కాదు, సోరియాసిస్. కీళ్ళది సోరియాటిక్ ఆర్థ్రైటిస్. ఇంతమంది నా మోకాలు పట్టుకుని చూశారు గానీ గోళ్ళెవరూ చూడలేదండి.

మీ గోళ్ళు, చెవుల వెనక, మోచేతులు ఒకసారి చూసుకోండి.

ల్యాబ్ గ్లాసు | మంగళవారం ఉదయం

నేను ల్యాబులో పనిచేస్తాను. రోగమేంటో చెప్పే అర్హత నాకు లేదు, కాగితం ఎలా చదవాలో చెప్తాను.

చికున్‌గున్యా ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ ఒంట్లోకి వచ్చి వెళ్ళిందని. పోయిన దసరాకా, 2006లోనా అన్నది అది చెప్పదు. 2006లో ఆంధ్రలో ఊళ్ళకి ఊళ్ళే మంచం పట్టాయి. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళలో చాలామందికి ఇప్పుడు చేసినా పాజిటివే వస్తుంది. జ్వరం వచ్చిన కొత్తలో ఐజీఎం (అప్పుడే వచ్చిన జబ్బును చూపే పరీక్ష) చేయించి ఉంటే లెక్క వేరు.

ఆర్ఏ ఫ్యాక్టర్ 24 అన్నారు. రిపోర్టులో ఆ అంకె పక్కన హద్దు ఎంతని ఉందో చూడండి. ఒక ల్యాబులో 14, ఇంకోచోట 20. యంత్రం వేరు, కిట్టు వేరు. అంచు మీదున్న అంకె ఒకచోట పాజిటివ్, మరోచోట నెగటివ్ రావడం మాకు వింతేం కాదు. పైగా ఈ ఫ్యాక్టరు రుమటాయిడ్ ఉన్న ప్రతివాళ్ళకీ రాదు, లేనివాళ్ళకి రాకుండానూ ఉండదు. వయసు మళ్ళినవాళ్ళలో, టీబీ, హెపటైటిస్ సీ ఉన్నవాళ్ళలో కూడా కనిపిస్తుంది. సీసీపీ అలా కాదు. అది పాజిటివ్ వస్తే రుమటాయిడ్ అని గట్టిగానే అనుకోవచ్చు. నెగటివ్ వస్తే మాత్రం లేదని చెప్పలేం.

రాజోలు అన్న చెప్పిన ఏఎస్ఓ గురించి ఒక్క మాట. ఎప్పుడో గొంతునొప్పి వచ్చిందని అది చెప్తుంది, అంతే. "కీళ్ళ ప్యాకేజీ" అని ఊరికో ల్యాబు పెట్టి అన్నీ ఒకేసారి చేసేస్తున్నాం. ఎన్ని పరీక్షలు చేస్తే అన్ని ఎర్ర అంకెలు బయటపడతాయి. మా యజమాని ఇది చదవకూడదని కోరుకుంటున్నాను.

పచ్చిమందు ప్రేమికుడు | మంగళవారం ఉదయం

అక్కా ఆ మెథోట్రెక్సేట్ ముట్టుకోవద్దు. లివర్ పోతుంది, జుట్టు రాలిపోతుంది. మా గురువు గారి దగ్గర చూర్ణం ఉంది, నూరు శాతం మూలికలే, మూడో రోజుకే నొప్పి మాయం. మా అత్తగారు మంచం దిగి బతుకమ్మ ఆడింది. కావాలంటే ఈ నంబరుకు [నంబరు తొలగించబడింది]

వేదిక నిర్వాహకులు | మంగళవారం ఉదయం

మందుల అమ్మకం నంబర్లు ఇక్కడ పెట్టకూడదు. ఇంకోసారి పెడితే ఖాతా ఆపేస్తాం.

అనంత పల్లి | మంగళవారం మధ్యాహ్నం

మూడో రోజుకే మాయమయ్యే చూర్ణం మా యింట్లో ఎత్తినాం సామీ. 2006లో మా పల్లెలో చికున్‌గున్యా వచ్చినపుడు పాలు పిండేకి మనిషి లేడు. వీధిలో అందరూ గోడలు పట్టుకొని నడిచేవాళ్ళు. నెలా రెండు నెలలకి మెల్లగా అందరూ లేసినారు, మా యమ్మ లేయలా. చేతులు వాపు, కాళ్ళు వాపు. ఎవరో పొట్లాలు తెచ్చిచ్చినారు. వేసుకున్న రెండో దినానికే మాయమ్మ కళ్ళాపి చల్లి ముగ్గేసింది. ఊరంతా వచ్చి చూసి పోయినారు.

ఆరు నెలలకి మొగం గుండ్రంగా ఉబ్బె. మెడ ఎనక గూను మాదిరి కండ పెరిగె. లేని షుగరు వచ్చె. ఆ మనిషి ఊరిడిచి పోయినాడు, పొట్లాలు ఆగిపోయినాయి. నాలుగో దినం మాయమ్మ స్పృహ తప్పి పడిపోయింది. అనంతపురం తీసకపోతే డాక్టరు చూసీ చూడంగానే "ఏం పొడి వాడినారు?" అన్నాడు. దాంట్లో కలిపింది స్టెరాయిడ్. అన్నాళ్ళు వేసుకొని ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు సొంతంగా తయారు చేసుకునే హార్మోను అందక మనిషి పడిపోతాదంట.

టైలరమ్మక్కా, నీ చిన్న తెల్ల బిళ్ళలు ఏమో ఒకసారి అట్ట మీద పేరు చదువు. పేరు తెలియకుండా ఆపొద్దు, సాగదీయొద్దు. ఇంగ ఆ ఫైబ్రో ఏదో అంటిరే, అది డాక్టరుకి ఏం తెలీనపుడు పెట్టే పేరు. పట్టించుకోవాకు.

నల్గొండోడు | మంగళవారం సాయంత్రం

మా బాపు ముచ్చట చెప్తా. మర్రిగూడ దిక్కు మా ఊరు. నడుము, మెడ పట్టేసినయ్. ఎనకకు చూడాలంటే మనిషి మొత్తం తిరుగుడే. పట్నంల ఒక దవాఖానకు తోల్కపోతే ఎక్స్‌రే చూసి వెన్నుపూస వెదురుబొంగు లెక్క అతుక్కున్నదన్నరు. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని పేరు పెట్టిన్రు. హెచ్ఎల్ఏ బీ27 పరీక్ష నెగటివ్ వచ్చింది. "నెగటివ్ వచ్చినా ఉండొచ్చు" అన్నరు, అది నిజమేనట. ఖరీదైన ఇంజక్షన్లు పడాలన్నరు. ఎకరం అమ్మే ముచ్చట దాకా పోయినం.

నిమ్స్‌ల చూపిస్తే ఒక పెద్ద సారు మొదలు అడిగింది "ఏ ఊరు?" అని. ఊరు పేరు ఇనంగనే ముంజేతి ఎక్స్‌రే తీయమన్నడు. ముంజేతిల రెండెముకల నడుమ పొర ఉంటదట, అది సున్నం లెక్క గట్టిపడ్డది. పండ్ల మీద పసుపు గీతలు చూసిండు. ఫ్లోరోసిస్. చిన్నప్పటి సంది తాగిన ఫ్లోరైడ్ బోరు నీళ్ళు. ఇంజక్షన్లు పడితే ఏం లాభం లేకపోతుండె.

ఇది మా నల్గొండ ముచ్చటే అనుకోకుర్రి. మన దేశంల ఈ రోగం మొదలు రాసిందే మీ దిక్కు, 1937ల. దర్శి, పొదిలి అప్పుడు నెల్లూరు జిల్లానే. అక్కా నువ్వు పుట్టింది యాడ? కనిగిరి, ఉదయగిరి దిక్కయితే డాక్టర్‌కు తప్పకుండ చెప్పు.

ఎండీ జనరల్ | మంగళవారం రాత్రి

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని, కీళ్ళ స్పెషలిస్టుని కాను. చూడకుండా రోగ నిర్ధారణ చేయను. కానీ టైలరమ్మ గారూ, కొన్ని సంగతులు తెలియాలి. పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటుంది? కణుపుల్లో నొప్పి మాత్రమేనా, కంటికి కనిపించే వాపు ఉందా? చెన్నై వెళ్ళిన రోజున మీరు ఆ తెల్ల బిళ్ళలు వేసుకుంటున్నారా? రాజోలు గారు, నల్గొండ తమ్ముడు అడిగినవాటికి కూడా జవాబు చెప్పండి.

కావలి టైలరమ్మ | బుధవారం ఉదయం

అందరికీ చాలా థ్యాంక్స్. ఒక్కొక్కటీ చెప్తాను.

గోళ్ళు బాగానే ఉన్నాయి, మచ్చలు ఎక్కడా లేవు. పుట్టింది కావలిలోనే, చిన్నప్పటినుంచీ కుళాయి నీళ్ళే. నడుం బాధ లేదు. బిగుసుకుపోవడం గంట దాటుతుంది, ఒక్కోరోజు గంటన్నర. తెల్ల బిళ్ళల అట్ట మీద ప్రెడ్నిసలోన్ 5 అని ఉంది. చెన్నై వెళ్ళేటప్పటికి రెండు వారాలుగా రోజూ వేసుకుంటున్నాను.

వాపు గురించి. మా మరిది పెళ్ళికి గాజులు వేయించుకోడానికి కూర్చున్నాను. గాజులావిడ మామూలుగా అందరికీ చేసినట్టే నా అరచేతిని అడ్డంగా పట్టి కణుపులన్నీ దగ్గరికి నొక్కింది. కెవ్వుమన్నాను. షాపులో అందరూ ఇటే చూశారు. ఆవిడ చెయ్యి వదిలేసి "అమ్మా, ఎముకల మధ్య మెత్తగా తగుల్తోంది, నీరు పట్టినట్టుంది, ఈ చేతికి నేను వెయ్యను" అంది. పోయినేడాది రెండూ పావు వేసుకున్న చెయ్యి, రెండున్నర గాజు కూడా ఎక్కలేదు. ఇది ఏ డాక్టరుకీ చెప్పలేదు. గాజుల సంగతి డాక్టరుకి చెప్పేదేముంది అనుకున్నాను.

ఎండీ జనరల్ | బుధవారం రాత్రి

మీ గాజులావిడ చేసింది మా పరీక్షేనమ్మా. కణుపుల వరసను అడ్డంగా పట్టి నొక్కి చూడటాన్ని మేం స్క్వీజ్ టెస్ట్ అంటాం. మెత్తగా తగిలిందని కూడా చెప్పింది చూశారూ, అరుగుదల వల్ల వచ్చే వాపు గట్టిగా ఎముకలా తగులుతుంది. కీలు లోపలి పొర ఉబ్బితే మెత్తగా ఉంటుంది. ఆవిడ చేతుల్లోంచి రోజుకి ఎన్ని చేతులు పోతాయో!

నాలుగు పేర్లు ఎందుకొచ్చాయో నాకు తోచింది చెప్తాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూశారు. రుమటాయిడ్ మొదటి నెలల్లో ఎక్స్‌రే మామూలుగా ఉండటమే ఎక్కువ. ఇక మిగిలిన ఎర్ర అంకె యూరిక్ యాసిడ్. గౌట్ సాధారణంగా బొటనవేలి దగ్గర, రాత్రికి రాత్రి ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనట్టు వస్తుంది. నెలసరి ఆగని ఆడవాళ్ళలో అరుదు. ఆ పేరు మీకు సరిపడటం లేదు. ఫిజీషియన్ జ్వరం కథ విన్నారు, అది కొట్టిపారేసేది కాదు. చికున్‌గున్యా తర్వాత కొందరికి నెలలు, ఏళ్ళ తరబడి అచ్చం రుమటాయిడ్ లాగే వేళ్ళు వాస్తాయి.

అసలు తగాదా నెల్లూరుకీ చెన్నైకీ మధ్య. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక పాయింట్ల పట్టిక చేశాయి. పదికి ఆరు వస్తే రుమటాయిడ్ కింద లెక్క. మీకు ఎన్ని కణుపులు వాచాయో నేను చూడలేదు. నాలుగుకీ పదికీ మధ్య చిన్న కీళ్ళనుకుంటే మూడు. ఆరు వారాలు దాటింది కాబట్టి ఒకటి. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్ గానీ సీఆర్పీ గానీ పెరిగి ఉంటే ఇంకొకటి. మొత్తం ఐదు. ఇప్పుడు ఆర్ఏ ఫ్యాక్టర్ కొంచెం పాజిటివ్ అయితే రెండు కలుస్తాయి, ఏడు. నెగటివ్ అయితే సున్నా, ఐదు దగ్గరే ఆగిపోతారు. మనిషి మీరే, చేతులు మీవే. ల్యాబు హద్దు మారితే పేరు మారింది. దానికి తోడు చెన్నై డాక్టరు చూసిన రోజున మీరు ప్రెడ్నిసలోన్ మీద, అంటే స్టెరాయిడ్ మీద ఉన్నారు. ఆయన చూసిన చేతుల్లో వాపు దిగిపోయి ఉంటుంది. గాజులావిడ చూసిన చేతులు ఆయన చూడలేదు.

ఆ పట్టిక కూడా పరిశోధనల్లోకి ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి తయారైంది. ఐదు వచ్చినవాళ్ళకి జబ్బు లేదని దానర్థం కాదు.

కాబట్టి ఐదో డాక్టరు వద్దు. ఉన్నవాళ్ళలో ఒక కీళ్ళ స్పెషలిస్టుని పట్టుకోండి, దగ్గర్లో ఉన్న నెల్లూరే మేలు. కాగితాలన్నీ తారీఖు వారీగా పెట్టి, ఏ మందు ఎప్పటినుంచి ఎప్పటిదాకా వేశారో ఒక తెల్లకాగితం మీద రాయండి. పొద్దున పూట చేతుల ఫొటోలు తీసి పెట్టుకోండి. గాజుల సంగతి చెప్పండి. కణుపులకు అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తే ఉపయోగమా అని అడగండి, ఎక్స్‌రేలో కనపడని వాపు అందులో తెలుస్తుంది. ఇంకొకటి సూటిగా అడగండి: "పేరు తేలేదాకా మందు ఆపితే కీలు పాడవుతుందా?" నాకు తెలిసినంతలో వాపు నిజంగా ఉంటే ఆగడం వల్లే నష్టం. ఒకసారి ఎముక కొరుకుడు పడితే అది పూడదు. ఈలోగా ప్రెడ్నిసలోన్ మీ అంతట మీరు ఆపొద్దు.

రాజోలు కొబ్బరి | బుధవారం రాత్రి

డాక్టరు గారూ, బాగా చెప్పారు గానీ మీ వాళ్ళందర్నీ కాస్త వెనకేసుకొస్తున్నారండి. ఒక్కొక్కరు ఒక్కో రోజు చూశారు, ఒక్కో కాగితం చూశారు అని. నాకు అన్నేళ్ళు పెన్సిలిన్ పొడిచినవాళ్ళు ఏ రోజు చూశారండి?

ఎండీ జనరల్ | బుధవారం రాత్రి

మీ విషయంలో వెనకేసుకు రావడానికేమీ లేదు. పెద్దవాళ్ళలో ఒక్క ఏఎస్ఓ చూసి పెన్సిలిన్ మొదలెట్టడం తప్పే. రుమాటిక్ జ్వరం చాలావరకు పిల్లల జబ్బు. ఇప్పటికీ చీటీల్లో చూస్తుంటాను.

డల్లాస్ దోసకాయ | గురువారం

అనంత పల్లి గారూ, ఫైబ్రోమయాల్జియాని అలా తీసిపారేయకండి. నాకు రుమటాయిడ్ ఉంది, సీసీపీ పాజిటివ్, అందులో అనుమానం లేదు. మందులతో వాపు మొత్తం పోయింది, సీఆర్పీ మామూలుగా ఉంది. అయినా ఒళ్ళంతా సలుపు. నిద్ర పట్టదు, పట్టినా లేచాక అలసట. వాపు లేకపోయినా నొప్పి ఉందన్నానని డాక్టరు మందు పెంచుకుంటూ పోయింది. మెథోట్రెక్సేట్ అయింది, దాని మీద ఇంజక్షన్ అయింది. నొప్పి మాత్రం అక్కడే.

ఇంకో ఊరికి మారాక కొత్త డాక్టరు కీళ్ళు కాకుండా భుజాల కండ, తొడలు నొక్కి చూసింది. "వాపు జబ్బు అదుపులోనే ఉంది, ఇప్పుడు నొప్పి పుట్టిస్తోంది వేరేది" అంది. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చట, తరచుగా ఉంటాయట. డులోక్సెటిన్ అనే నొప్పి మందు మొదలుపెట్టి, నీళ్ళలో వ్యాయామం చేయించింది. మొదటి నెల ఏడుస్తూ వెళ్ళాను, ఇప్పుడు ఏడవకుండా వెళ్తున్నాను, అంతే తేడా. నిద్ర మాత్రం వచ్చింది. ఇంజక్షన్ తీసేశారు.

అందుకని అక్కా, చెన్నై డాక్టరు "కూడా" అన్నారేమో గుర్తు తెచ్చుకోండి. రుమటాయిడ్ లేదు ఫైబ్రో ఉంది అనడం వేరు, అదీ ఉండొచ్చు అనడం వేరు. ఇక్కడ మాకూ పెద్ద సుఖమేం లేదు, స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ దొరకడానికే నెలలు. వీడియో కాల్‌లో మా అమ్మ "అక్కడ అంత పెద్ద డాక్టర్లుండి కూడానా" అంటుంది.

అనంత పల్లి | గురువారం

సరేక్కా, నాకు తెలీదు. మాయమ్మకి అది చెప్పినోళ్ళు లేరు.

పచ్చిమందు ప్రేమికుడు | గురువారం

అందరూ ఇంగ్లీషు మందు వైపే మాట్లాడుతున్నారు. ఆయుర్వేదంలో ఆమవాతం అని వెయ్యేళ్ళ కిందటే రాశారు.

ఎండీ జనరల్ | గురువారం

ఆయుర్వేదంతో నాకు పేచీ లేదు. డిగ్రీ ఉన్న వైద్యుడు చీటీ మీద మందు పేరు రాసి, సంతకం పెట్టి ఇస్తే దాన్ని ఫైల్లో పెట్టండి, కీళ్ళ డాక్టరుకీ చూపించండి. పేరు లేని పొట్లంతోనే నా పేచీ.

కావలి టైలరమ్మ | పై వారం ఆదివారం

నెల్లూరు వెళ్ళొచ్చాం. ఎండీ గారు చెప్పినట్టే కాగితాలన్నీ వరసలో పెట్టి తీసుకెళ్ళాను. మా ఆయన కొలతల పుస్తకంలోంచి ఒక పేజీ చింపి మందుల తారీఖులు రాసిచ్చారు. డాక్టరు గారు చెన్నై కాగితం చూసి చికాకు పడతారేమోనని భయపడ్డాను. పడలేదు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసి "మీరీ మందు వేసుకుంటూ వెళ్ళారా" అని ఒక్కటే అడిగారు. గాజుల సంగతి చెప్తే నవ్వి, ఆయనా అలాగే నొక్కారు. ఈసారి అరవలేదు గానీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

స్కాన్ చేశారు. రెండు మణికట్లలో, మూడు కణుపుల్లో లోపలి పొర వాచిందని తెరమీద చూపించారు. ఎర్రగా మినుకు మినుకుమంటుంటే అది రక్తం ఎక్కువ పారుతున్న చోటన్నారు. ఫైల్లో ఏం రాశారంటే "ఇన్‌ఫ్లమేటరీ ఆర్థ్రైటిస్", అంటే కీళ్ళ వాపు జబ్బు, దాని కింద "రుమటాయిడ్? చికున్‌గున్యా తర్వాతదా?" అని రెండు ప్రశ్న గుర్తులు. ఈ రెంటిలో ఏదైనా ఇప్పుడు ఇచ్చే మందు అదేనట. చికున్‌గున్యాది అయితే కొన్నాళ్ళకి మందు తగ్గించుకుంటూ రావచ్చేమో చూస్తారట, తగ్గిస్తే మళ్ళీ వాస్తే రుమటాయిడ్ వైపే అనుకోవాలట. యూరిక్ యాసిడ్ బిళ్ళలు తీసేశారు. పప్పు తినమన్నారు! మొదలుపెట్టేముందు హెపటైటిస్ బీ, సీ, లివరు, కిడ్నీ, ఛాతీ ఎక్స్‌రే చేయించారు, అన్నీ బాగున్నాయి. తెల్ల బిళ్ళలు వారానికింత చొప్పున తగ్గించమని పట్టీ రాసిచ్చారు. ఫైబ్రో గురించి అడిగితే "ముందు వాపు దింపుదాం, అప్పుడు మిగిలిన నొప్పి ఏంటో చూద్దాం" అన్నారు.

మా ఆయనకి మాత్రం తృప్తి లేదు. "పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టి ఫీజు పూర్తిగా తీసుకున్నాడు" అని దారంతా అదే గొణుగుడు.

డబ్బా తెరుస్తున్నాను. ఏ రోజు వేసుకోవాలో మీ ఇష్టం అన్నారు. షాపు సెలవు కదా, ఆదివారం మంచిదేనా?

మెడికల్ షాపు బాబాయ్ | ఆదివారం

అమ్మాయ్, ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఈ మందు దగ్గరికొచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, నేను చూశాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పెద్దావిడకి కోడలు మిగతా బిళ్ళలతో పాటు ఇదీ రోజూ ఇచ్చింది. నోరంతా పుళ్ళు, రక్తకణాలు పడిపోయాయి, ఐసీయూలో పెట్టారు. అందుకే నేను అమ్మేటప్పుడు అట్ట మీద పెన్నుతో వారం పేరు తెలుగులో రాసి ఇస్తాను. మీ షాపులో రాయకపోతే మీరే రాసుకోండి, కాగితం మీద కాదు, అట్ట మీద. ఈ బిళ్ళలు 2.5, 5, 7.5, 10 అని రకరకాల్లో వస్తాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ప్రతిసారీ అంకె చూసి తీసుకోండి.

ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ బిళ్ళ రాసే ఉంటారు. అది మెథోట్రెక్సేట్ వేసుకున్న రోజున కాకుండా వేరే రోజున వేసుకోమంటారు చాలామంది డాక్టర్లు, మీ చీటీలో ఎలా ఉందో అలాగే. నోట్లో పుండు, జ్వరం, ఆగని దగ్గు వస్తే ఆ వారం బిళ్ళ వేసుకోకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. ఎవరైనా జలుబుకో మూత్రంలో మంటకో సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే నేను మెథోట్రెక్సేట్ మీద ఉన్నానని చెప్పండి, ఆ రెండూ కలిస్తే పెద్ద ప్రమాదం. రక్తపరీక్ష ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్ళాలి. వెంటనే గుణం కనపడదు, ఆరు వారాలు, ఒక్కోసారి మూడు నెలలు. అందుకే తెల్ల బిళ్ళలు వంతెనలా పెడతారు.

క్యాన్సర్ మందే, నిజమే. అక్కడ ఇచ్చే మోతాదు చాలా ఎక్కువ, ఇక్కడ అందులో ఎన్నోవంతో. ఆ షాపులో పక్కనున్నాయన నాకు దొరికితే బాగుండు.

డల్లాస్ దోసకాయ | ఆదివారం

ఆదివారం వేసుకుంటే నాకు సోమవారం వికారంగా ఉండేది. అక్కా, మీకు ఏ రోజు పని తక్కువో ఆ ముందురోజు రాత్రి వేసుకోండి.

కావలి టైలరమ్మ | ఆదివారం రాత్రి

అయితే శనివారం రాత్రి. ఆదివారం వికారం వస్తే పడుకుంటాను. బాబాయ్ గారూ, అట్ట మీద "శనివారం" అని మా అమ్మాయి చేత స్కెచ్ పెన్నుతో రాయించాను. ఫోలిక్ యాసిడ్ చీటీలో సోమ, మంగళవారాలకు రాసుంది.

మెడికల్ షాపు బాబాయ్ | ఆదివారం రాత్రి

బాగుందమ్మా. అలాగే కానివ్వు.

ఏలూరు ఎర్రబస్సు | సోమవారం ఉదయం

నమస్తే అండి, మా నాన్నగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళలో గుజ్జు అరిగిందని ఒకరు ఆపరేషన్ చెయ్యాలంటున్నారు, ఇంకొకరు అక్కర్లేదు ఇంజక్షన్ చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

వేదిక నిర్వాహకులు | సోమవారం ఉదయం

ఏలూరు గారూ, మోకాలి అరుగుదలకు వేరే చర్చ మొదలుపెట్టండి, ఇందులో కలిపితే రెండూ గందరగోళమవుతాయి. నిలబడి తీసిన ఎక్స్‌రే ఉందో లేదో, నాన్నగారు ఎంత దూరం నడవగలుగుతున్నారో అందులో రాయండి.